సీఓపీడీ పేషెంట్‌కి ఇంట్లో ఆక్సిజన్: 90 దగ్గరే ఆపమంటున్నారు, ఆయాసం చూస్తే పెంచాలనిపిస్తోంది

తెనాలి_చిన్నోడు
నాన్నకి 68 ఏళ్లు, సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయే జబ్బు. పోయిన వారమే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం, గదిగాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే కాన్సంట్రేటర్ మిషన్ పెట్టించాం. డిశ్చార్జ్ అప్పుడు సిస్టర్ ఒకటికి రెండుసార్లు చెప్పింది, ఫ్లో నిమిషానికి 2 లీటర్ల మీద ఉంచండి, వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలు, అంతకుమించి ఎక్కించొద్దు అని. ఇక్కడ చూస్తే మనిషి బాత్రూమ్‌కి వెళ్లొస్తే చాలు మంచం పట్టె పట్టుకుని ఎగరోజుతున్నాడు. రీడింగ్ 89. అమ్మేమో పెంచరా పెంచరా అని ఏడుపు. కోవిడ్ టైమ్‌లో 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పరిగెత్తమన్నారు కదా, ఇప్పుడు 89 చాలంటే ఎట్లా నమ్మేది? మనిషి అల్లాడిపోతుంటే నాబ్ ముట్టుకోకుండా చూస్తూ కూర్చోవాలా? డాక్టర్ గారు మళ్లీ సోమవారం గానీ దొరకరు. ఇంట్లో ఇలాంటి పేషెంట్ ఉన్నవాళ్లు చెప్పండి.

బెజవాడ_బాబాయ్
పెంచెయ్ తమ్ముడూ. ఆక్సిజన్ ఎక్కువైతే పోయేదేముంది, మనం పీల్చేదే కదా. కోవిడ్‌లో మా పెదనాన్నకి 10 లీటర్లు పెట్టారు, లేచి కూర్చున్నాడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
బాబాయ్ గారూ దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి, ఇది చదివి ఎవరైనా నిజంగానే తిప్పేస్తారు. నేను ఛాతీ వార్డులో స్టాఫ్ నర్సుని. ప్రతి డిశ్చార్జ్‌లోనూ పేషెంట్ తాలూకు వాళ్లతో నేను ఎక్కువసేపు మాట్లాడేది ఈ ఒక్క విషయమే.

కోవిడ్ ఊపిరితిత్తి వేరు, సీఓపీడీ ఊపిరితిత్తి వేరు. సీఓపీడీ ముదిరినవాళ్లకి పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్, మనం బయటికి వదిలే గాలి) లోపలే పేరుకుంటుంది. అందుకని పాడైన భాగాలకి రక్తం తక్కువ పంపించి, పనిచేసే భాగాలకి ఎక్కువ పంపించేలా శరీరం తనంతట తనే సర్దుకుని ఉంటుంది. మనం ఆక్సిజన్ దండిగా ఎక్కిస్తే ఆ సర్దుబాటు చెడుతుంది, గాలి ఆడని భాగాలకి కూడా రక్తం పోతుంది, సీఓటూ బయటికి పోయే దారి తగ్గుతుంది. పైన మిషన్‌లో 98 అని చక్కగా కనిపిస్తుంటుంది, లోపల మనిషి మత్తులోకి జారుతుంటాడు. వేలికి పెట్టే మిషన్ సీఓటూని చూపించదు, అది తెలియాలంటే ఏబీజీ రక్తపరీక్ష చెయ్యాలి.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. 2010లో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో అంబులెన్సుల్లోనే పరీక్షించి చూశారు, ఆయాసంతో ఎక్కిన 405 మందిలో కొందరికి ఎప్పట్లాగే ఎక్కువ ఆక్సిజన్, కొందరికి 88-92 మధ్య ఉండేలా కొలిచి ఇచ్చారు. కొలిచి ఇచ్చిన గుంపులో చావులు సగానికంటే తక్కువ.

చిన్నోడూ, నువ్వు పట్టుకోవాల్సిన ముక్క ఇంకొకటి ఉంది. ఆయాసం వేరు, ఆక్సిజన్ తగ్గడం వేరు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక నాన్నగారికి వచ్చే ఎగరోపు గాలి లోపల ఇరుక్కుపోవడం వల్ల. నాబ్ తిప్పితే అది పోదు. కూర్చోబెట్టి, ముందుకి వంచి, నోరు సున్నాలా చుట్టి వదిలిస్తే తగ్గుతుంది. అదే సమయంలో భయపడి ఆక్సిజన్ పూర్తిగా తీసేయడం కూడా తప్పే. 88 కంటే కిందకి దిగి అక్కడే నిలబడిపోతే డాక్టర్‌కి ఫోన్ చెయ్, దొరక్కపోతే 108కి.

వరంగల్_వాణి
సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. మా బాపుకు గిట్లనే అయింది. మేం పొలం కాడికి పోయినప్పుడు పక్కింటాయన చూడనీకి వచ్చి, పాపం మంచికే అనుకుని 6 లీటర్లకు తిప్పిండట. మేం వచ్చేసరికి బాపు హాయిగ నిద్రపోతుండు. అమ్మ ఎంత సంబురపడ్డదో, ఇయ్యాల జెర కన్ను మూసిండు అని. లేపితె లేస్తలేడు, కండ్లు తెర్సి మల్ల మూస్తుండు, మాట ముద్దముద్దగ వస్తున్నది. చేతులు ముందుకు చాపమంటె పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టు ఎగురుతున్నయి. 108ల తీస్కపోతె సీఓటూ శానా పెరిగిందన్నరు, బైపాప్ (మాస్క్‌తోని ఊపిరితిత్తులల్లకు గాలి నెట్టే మిషన్) మీద పెట్టి మూడో నాటికి మనిషిని చేసిన్రు. ఇప్పుడు మా ఇంట్ల నాబ్ మీద ప్లాస్టర్ అంటించినం, ఎవ్వలూ తిప్పకుండ.

తెనాలి_చిన్నోడు
వాణి అక్కా, చదువుతుంటే చెమట్లు పట్టాయి. నాన్న కూడా పొద్దున్నే తలనొప్పి అంటున్నాడు ఈ రెండు రోజులు. అది దీనికేమైనా సంబంధమా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
సంబంధం ఉండొచ్చు. రాత్రి నిద్రలో శ్వాస నెమ్మదిస్తుంది కాబట్టి సీఓటూ పెరిగి లేవగానే తలనొప్పి వస్తుంది. పగలు కూడా మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడినా సోమవారం దాకా ఆగొద్దు. తలనొప్పి ఒక్కటే అయినా రేపు పొద్దున్నే ఫోన్‌లోనైనా డాక్టర్‌కి చెప్పు. ఇంకో మాట, నిద్ర పట్టట్లేదని నిద్రమాత్ర గానీ మత్తుండే దగ్గు సిరప్ గానీ మెడికల్ షాపులో అడిగి వేసేయకండి. వీళ్లకి అవి శ్వాసనే తగ్గించేస్తాయి.

నర్సింగ్_ఫైనలియర్
సిస్టర్, మా పుస్తకంలో ఇంకోలా ఉంది. సీఓపీడీ వాళ్లకి శ్వాస ఆడించేది ఆక్సిజన్ తక్కువ కావడమే, మనం ఎక్కువిస్తే మెదడు ఊపిరి తీసుకోవడం మానేస్తుంది అని. వైవాలో కూడా అదే అడుగుతారు. మీరు రక్తం దారి మళ్లడం అంటున్నారు, ఏది రాయాలి?

పల్మో_పీజీ
రెండూ రాయమ్మా. పుస్తకంలో ఉన్నది పాత వివరణ, పూర్తిగా తప్పు కాదు గానీ అందులో వాటా చిన్నది. అసలు పెద్ద కారణం సిస్టర్ చెప్పినదే, దానికి తోడు ఆక్సిజన్‌తో నిండిపోయిన హిమోగ్లోబిన్ సీఓటూని తక్కువ మోస్తుంది. వైవాలో ఎగ్జామినర్ మూడ్ చూసి చెప్పు 🙂 వార్డులో మాత్రం గుర్తుంచుకోవాల్సింది 88-92. నెబ్యులైజేషన్‌కి, అంటే మందుని పొగలా చేసి పీల్పించడానికి కూడా ఇదే రూలు. ఆక్సిజన్ పోర్టుకి తగిలించి 6-8 లీటర్ల మీద నెబ్ పెట్టేస్తుంటారు చాలాచోట్ల. సీఓటూ పెరిగే పేషెంట్‌కి గాలితో నడిచే కంప్రెసర్ మిషన్ పెట్టి, ఆక్సిజన్ ముక్కు పైపులో వేరుగా నడపాలి.

ఫిజియో_కిరణ్
సిస్టర్ చెప్పిన శ్వాసని ఇంకాస్త విడమరుస్తా, ఎందుకంటే చాలామంది చేయించేది తప్పుగానే. కుర్చీలో కూర్చోబెట్టండి, ముందు బల్ల, బల్ల మీద దిండు, దాని మీద రెండు మోచేతులు ఆనించి ముందుకి వాలాలి. భుజాలు వదులుగా. ముక్కుతో మెల్లగా 2 లెక్కపెట్టేంత సేపు లోపలికి, పెదాలు గుండ్రంగా చుట్టి వేడి టీ ఊదినట్టు 4 లెక్కపెట్టేంత సేపు బయటికి. గట్టిగా ఊదొద్దు, బుగ్గలు ఉబ్బకూడదు. మీరూ ఎదురుగా కూర్చుని అదే పని చెయ్యండి, "గాలి పీల్చు నాన్నా గాలి పీల్చు" అని అరవడం మానండి, ఆయనకి ఇబ్బంది వదలడంలో.

టేబుల్ ఫ్యాన్ ముఖానికి తగిలేలా పెట్టండి, ముక్కు, పెదాల చుట్టూ చల్లగాలి తగిలితే ఆయాసం అనే ఫీలింగే తగ్గుతుంది. ఆయాసం లేనప్పుడు రోజూ ప్రాక్టీస్ చేయిస్తేనే అవసరానికి వస్తుంది.

ఇంకోటి, ఆసుపత్రి నుంచి వచ్చాక మంచం మీదే ఉంచేస్తారు ప్రేమతో. తొడల కండ తగ్గేకొద్దీ చిన్న నడకకే ఆయాసం ఎక్కువవుతుంది. డిశ్చార్జ్ అయిన నాలుగు వారాల్లోపు వ్యాయామం మొదలుపెట్టినవాళ్లు మళ్లీ అడ్మిట్ అవడం తగ్గుతుంది. ముక్కు పైపుతోనే వరండాలో నడిపించండి, మాట్లాడగలిగేంత వేగంతో. డాక్టర్‌ని ఒకసారి అడిగి.

మార్టూరు_మాస్టారు
నేను రిటైర్డ్ టీచర్ని, నేనే పేషెంట్‌ని. ఇక్కడ అందరూ చూసుకునేవాళ్లు రాస్తున్నారు, మాకెట్లా ఉంటుందో నేను రాస్తాను.

ఆయాసం వచ్చినప్పుడు మమ్మల్ని ప్రశ్నలు అడక్కండి. ఏమైంది, నొప్పా, నీళ్లు కావాలా, డాక్టర్‌కి ఫోన్ చెయ్యమంటావా అని నలుగురూ ఒకేసారి అడిగితే జవాబు చెప్పడానికే ఉన్న ఊపిరి అయిపోతుంది. అవును అంటే వేలు ఎత్తుతాను, కాదంటే చెయ్యి ఊపుతాను అని మా ఇంట్లో ముందే ఒప్పందం. మా ఆవిడ పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసి ఉంచుతుంది, అంతే, ఏమీ మాట్లాడదు. దాంతో సగం తగ్గుతుంది.

స్నానం మాకు పెద్ద యుద్ధం. బాత్రూమ్‌లో ప్లాస్టిక్ స్టూల్ వేయించుకోండి, పంప్ (నోటితో పీల్చే మందు) కొట్టుకున్న పావుగంట తర్వాత వెళ్లాలి, నీళ్లు గోరువెచ్చగా, తలుపు ఓరగా, ఆవిరి నిండితే ఊపిరాడదు. ముక్కు పైపు తీయక్కర్లేదు. ఒళ్లు తుడుచుకోవడమే ఎక్కువ ఆయాసం తెప్పిస్తుంది, అందుకని పెద్ద టర్కీ టవల్ ఒళ్లంతా కప్పుకుని కాసేపు కూర్చుంటాను, అదే ఆరుతుంది. లుంగీ బిగించి కట్టొద్దు. కింద కూర్చునే లెట్రిన్ అయితే మార్పించండి, లేదా కమోడ్ కుర్చీ కొనండి. ముక్కాల్సిన పరిస్థితి రాకుండా చూసుకోవాలి, మాకు మలబద్ధకం కూడా ఆయాసమే.

భోజనం ఒకేసారి కడుపునిండా పెట్టకండి. పొట్ట నిండితే అది పైకి తోస్తుంది, ఊపిరితిత్తికి చోటుండదు. నేను కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తింటాను, గుడ్డు, పెసరట్టు, మజ్జిగన్నం, రాత్రికి రాగిజావ. బరువు తగ్గిపోతే ఈ జబ్బులో ప్రమాదం అని డాక్టర్ గారు తిట్టి మరీ తినిపిస్తున్నారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మాస్టారూ, ఇది ప్రింట్ తీసి మా వార్డు గోడకి అంటిస్తాను, పర్మిషన్ ఇవ్వండి. టవల్ సంగతి మా పేషెంట్లందరికీ చెప్పాలి.

మార్టూరు_మాస్టారు
నిక్షేపంగా. స్పెల్లింగులు సరిచూసి అంటించండి.

శ్రీకాకుళం_మనవరాలు
మా నాయనమ్మది వేరే కథ. జీవితంలో సిగరెట్ ముట్టలేదు అని డాక్టర్‌కి చెప్పాం, నిజమే సిగరెట్ ముట్టలేదు, అడ్డపొగ తాగేది! మా వైపు పాతకాలం ఆడవాళ్లకి అలవాటు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. దాన్ని మేం పొగతాగడం కింద లెక్కే వెయ్యలేదు. దానికితోడు కట్టెల పొయ్యి, కిటికీ లేని వంటిల్లు. ఊళ్లో ఆర్ఎంపీ ఏళ్లతరబడి ఉబ్బసం అని ఆయాసం వచ్చినప్పుడల్లా స్టీరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చేవాడు, షుగర్ వచ్చింది, తుంటి ఎముక విరిగింది. విశాఖలో గొట్టంలోకి ఊదే పరీక్ష చేస్తే అప్పుడు తేలింది సీఓపీడీ అని.

గ్యాస్ కనెక్షన్ వచ్చినా నీళ్లు కాగడానికి ఇప్పటికీ కట్టెల పొయ్యే. ఎంత చెప్పినా వినదు, గ్యాస్ అయిపోతాదే అంటుంది. ఏం చెయ్యాలి చెప్పండి.

ఖమ్మం_పద్మ_న్యూజెర్సీ
ఎలక్ట్రిక్ కెటిల్ కొనివ్వండి, మా అమ్మ దగ్గర అదే పనిచేసింది. గ్యాస్ ఖర్చు కాదు కదా అని తనే వాడుతోంది.

పల్మో_పీజీ
మనవరాలు గారు చెప్పింది చాలా ముఖ్యం. సీఓపీడీ అంటే మగాళ్ల సిగరెట్ జబ్బు అనుకుని ఆడవాళ్లకి ఆ పరీక్షే రాయడం లేదు. స్పైరోమెట్రీ, అంటే ఆ గొట్టంలోకి ఊదే పరీక్ష, చెయ్యకుండా ఉబ్బసమో సీఓపీడీయో తేల్చలేం. మందు పీల్చాక కూడా మొదటి సెకనులో ఊదిన గాలి, మొత్తం ఊదిన దానిలో 70 శాతం కంటే తక్కువ వస్తే సీఓపీడీ. అటాక్ వచ్చినప్పుడు స్టీరాయిడ్ మాత్రలు అవసరమే, కాకపోతే గైడ్‌లైన్స్‌లో 5 రోజుల కోర్సు, నెలల తరబడి కాదు.

గుంటూరోడు
మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం ఇస్తారుగా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? మా మేనత్త ప్రతి ఏడూ వెళ్తుంది, బాగానే ఉంది. అన్నీ ఇంగ్లీషు మందులేనా.

పల్మో_పీజీ
మీ అత్తగారి నమ్మకాన్ని నేను కాదనను. కానీ అది సీఓపీడీకి పనిచేస్తుందని చూపించిన పరీక్ష ఏదీ లేదు. పాడైన ఊపిరితిత్తి గోడలు ఏ మందుతోనూ వెనక్కి రావు, మా మందులతో కూడా రావు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నా బాధ ఒక్కటే. నడిస్తే ఆయాసపడే మనిషిని జూన్ ఎండలో వేలమంది జనంలో క్యూలో నిలబెట్టి, బతికున్న కొర్రమీను పిల్లని మింగించడం. మింగేటప్పుడు పొరబోతే వీళ్లకి దగ్గి బయటికి తెచ్చే బలం ఉండదు. ప్రసాదం తీసుకున్నాం కదా అని పంప్ ఆపేసి ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లూ ఉన్నారు. వెళ్లాలనుకుంటే మీ ఇష్టం, పంప్ మాత్రం ఆపకండి.

గుంటూరోడు
అత్త పంప్ కూడా వాడుద్దిలెండి. నేను వద్దనలా. అన్నట్టు మా వైపు మిర్చి యార్డులో హమాలీలకి ఈ దగ్గు బాగా ఎక్కువ, వాళ్లని ఎవరు చూస్తున్నారు? మూతికి తుండుగుడ్డ కట్టుకుని బస్తాలు మోస్తారు, ఆ ఘాటుకి మనం గేటు దగ్గరే నిలబడలేం.

తెనాలి_చిన్నోడు
అందరికీ థ్యాంక్స్. ఫోన్‌లో డాక్టర్ గారు దొరికారు, తలనొప్పి సంగతి చెబితే రేపే ఏబీజీకి రమ్మన్నారు. బల్ల, దిండు, ఫ్యాన్ పెట్టాం, ఎగరోపు త్వరగానే దిగింది, రీడింగ్ 90, నాబ్ 2 మీదే ఉంది. ఒక డౌట్. నాన్న రోటాహేలర్‌లో క్యాప్సూల్ వేసి పీలుస్తారు, తీసి చూస్తే క్యాప్సూల్‌లో సగం పొడి అలాగే ఉంటోంది. ఇది మామూలేనా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
మామూలు కాదు, మందు సగమే వెళ్తోందన్నమాట. పొడి మందు నోటితో గట్టిగా, వేగంగా, పొడుగ్గా లాగితేనే పోతుంది. ముందు గాలంతా బయటికి వదలాలి, అదీ పరికరంలోకి కాదు పక్కకి, లేకపోతే తేమకి పొడి ముద్దకడుతుంది. తర్వాత పెదాలు బిగించి ఒక్క లాగుడు, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి, లేదా ఆయనకి కుదిరినంత. క్యాప్సూల్ తీసి వెలుతురులో చూడండి, పొడి ఉంటే మళ్లీ లాగించండి. నాన్నగారికి అంత బలం లేకపోతే రేపు డాక్టర్‌ని స్పేసర్‌తో (పంప్‌కి తగిలించే ప్లాస్టిక్ డబ్బా) పంప్‌కి మార్చమని అడగండి. దానికి పద్ధతి ఇంకోలా ఉంటుంది, బాగా ఊపి, ఒక్క నొక్కు నొక్కి మెల్లగా లాగాలి, రెండో నొక్కుకి అర నిమిషం ఆగాలి. రెండు నొక్కులు ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టేయకూడదు. స్టీరాయిడ్ ఉన్న మందైతే ఏదైనా సరే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది, తిండి సయించదు.

స్పేసర్ వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి తీసి అలాగే ఆరబెట్టండి. గుడ్డపెట్టి తుడిస్తే ప్లాస్టిక్‌కి మందు అతుక్కుంటుంది.

వరంగల్_వాణి
మా ఊర్ల ఒకాయన గా క్యాప్సూల్‌ను నీళ్లతోని మింగుతుండె నెలల సంది. ఎవ్వలు చెప్పలేదట. మందు చీటీ మీద రాసిచ్చుడు కాదు, చేసి చూపెట్టాలె, మల్ల వాళ్లతోని చేపియ్యాలె.

నర్సింగ్_ఫైనలియర్
మా క్లినికల్స్‌లో ఇక నుంచి నేను ఇదే చేస్తా అక్కా. కేర్ ప్లాన్‌లో "రోగికి అవగాహన కల్పించితిని" అని ఒక్క లైను రాసి వదిలేస్తున్నాం అందరం.

ఖమ్మం_పద్మ_న్యూజెర్సీ
మా అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. నాన్నకి కాన్సంట్రేటర్ రోజుకి 15 గంటలు తక్కువ కాకుండా అన్నారు. కరెంటు పోతే ఏమిటి పరిస్థితి? ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

బెజవాడ_బాబాయ్
నాకు అసలు డౌటు, 15 గంటలు అనేది ఎవరు లెక్కేశారు? మా బావమరిదికి 92 ఉంటుంది, సేల్స్ అతను వచ్చి మీరూ మిషన్ కొనుక్కోండి ముందుజాగ్రత్తగా అంటున్నాడు.

పల్మో_పీజీ
1980, 81లో అమెరికాలో ఒకటి, బ్రిటన్‌లో ఒకటి పరీక్షలు జరిగాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఆక్సిజన్ బాగా తక్కువ ఉన్నవాళ్లకి, అంటే మిషన్‌లో 88 అంతకంటే తక్కువ, రోజుకి 15 గంటలు అంతకుమించి ఇస్తే ఆయుష్షు పెరిగింది. మీ బావమరిదికి 92 అంటే అవసరం లేదు. 2016లో అమెరికాలోనే ఇంకో పెద్ద పరీక్ష చేశారు, 89-93 మధ్య ఉన్నవాళ్లకి ఇంట్లో ఆక్సిజన్ పెట్టినా ఆయుష్షులో గానీ ఆసుపత్రి చేరికల్లో గానీ తేడా రాలేదు. ఆ డబ్బుతో ఫ్లూ టీకా, న్యుమోకోకల్ (న్యుమోనియా) టీకా వేయించండి, ఎంతో మేలు.

బెజవాడ_బాబాయ్
సరే డాక్టర్ బాబూ, వాడికి ఇది పంపిస్తున్నా. సిగరెట్ మానడం లేదు వాడు, మిషన్ కొంటే మానక్కర్లేదనుకుంటున్నాడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అయ్యో, ఆక్సిజన్ పెట్టిన గదిలో సిగరెట్ అంటే ఒళ్లు కాలుతుంది, అక్షరాలా. మానడానికి సాయం కావాలంటే సర్కారు క్విట్‌లైన్ ఉంది, 1800-11-2356, టోల్‌ఫ్రీ.

పద్మ గారూ, మామూలు చిన్న ఇన్వర్టర్ కాన్సంట్రేటర్‌ని మోయలేకపోవచ్చు, మిషన్ వెనక ఎన్ని వాట్లో రాసి ఉంటుంది, అది చూపించి ఇన్వర్టర్ అతన్ని అడగండి. ఎలాగైనా ఒక సిలిండర్ నిండుగా ఉంచుకోవాలి. బీ టైప్ సిలిండర్‌లో దాదాపు 1500 లీటర్లుంటుంది, 2 లీటర్ల ఫ్లో మీద 12 గంటలు వస్తుంది. గోడకి గొలుసుతో కట్టించండి, రెగ్యులేటర్‌కి నూనె చేతులు తగలకూడదు. సిలిండర్ తాళం తిప్పి తెరవడం అమ్మగారితో మీరు వీడియో కాల్‌లో ఉండగా ఒకసారి చేయించండి, కరెంటు పోయాక చీకట్లో నేర్చుకునే పని కాదది.

పూజగది సంగతి కూడా చూసుకోండి. దీపం, అగరబత్తి, సాంబ్రాణి ఆ గదిలో వద్దు. దోమల చక్రం అసలే వద్దు, దోమతెర కట్టండి. ముక్కు ఎండిపోతోందని వాజిలిన్ రాస్తుంటారు, అది పెట్రోలియం, ఆక్సిజన్ దగ్గర మంట అంటుకునే వస్తువు. నీళ్లతో చేసిన జెల్ దొరుకుతుంది. మిషన్ వెనక ఫిల్టర్ వారానికోసారి కడిగి బాగా ఆరాక పెట్టాలి, మిషన్‌కి ఉండే నీళ్ల సీసాలో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే.

శ్రీకాకుళం_మనవరాలు
సిస్టర్, నాయనమ్మకి ముక్కు పైపు చెవుల వెనక కోసుకుని పుండైంది. ఇంకో డౌట్, గోరింటాకు పెట్టుకుంది, మిషన్ ఒకసారి 84 ఒకసారి 91 చూపిస్తోంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చెవి వెనక పైపుకి మెత్తటి గాజ్ గుడ్డ (గాయాలకి కట్టు కట్టేది) చుట్టి టేప్ వేయండి, రోజూ తీసి చూడండి. రీడింగ్‌కి గోరింటాకు లేని వేలు వాడండి, ముందు చెయ్యి రుద్ది వెచ్చబరచండి, చల్లటి వేలు తప్పు చూపిస్తుంది. అంకె కదలకుండా నిలిచేదాకా ఆగి అప్పుడు రాసుకోండి. కాళ్లు వాస్తున్నాయా? మడమ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతుంటే డాక్టర్‌కి చెప్పాలి, గుండె కుడివైపు అలిసిపోతోందేమో చూస్తారు. కఫం తెల్లగా ఉండేది పచ్చగా, చిక్కగా మారినా, ఎక్కువైనా అదే రోజు చెప్పండి.

ఫిజియో_కిరణ్
కఫం రానివాళ్లకి ఒకటి. గొంతు చించుకుని దగ్గించకండి. మెల్లగా ఊపిరి పీల్చి, నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని ఊదమనండి, రెండు మూడుసార్లు, తర్వాత ఒక్క దగ్గు. అది చాలు.

తెనాలి_చిన్నోడు
ఏబీజీ అయింది. సీఓటూ కాస్త పెరిగిందట, రాత్రిపూట బైపాప్ పెట్టమన్నారు, మిషన్ అద్దెకి తెచ్చాం. స్పేసర్‌తో పంప్‌కి మార్చారు. నాబ్ ముట్టుకోనందుకు డాక్టర్ గారు అమ్మని మెచ్చుకున్నారు, ఆ మాటకే అమ్మ సగం కోలుకుంది. ఇప్పుడు సమస్య మాస్క్. గాలి కారుతోందని బిగిస్తే ముక్కు మీద ఎర్రగా కమిలింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మరీ బిగించకు. పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి, కాస్త గాలి కారినా మిషన్ సర్దుకుంటుంది, కళ్లలోకి కొట్టకపోతే చాలు. కమిలిన చోట హైడ్రోకొల్లాయిడ్ (చర్మాన్ని కాపాడే మెత్తటి పట్టీ) అంటించు, మెడికల్ షాపులో అలాగే అడుగు. గడ్డం పెరిగితే మాస్క్ కూర్చోదు, రోజూ గీయించు. తిన్న వెంటనే పెట్టొద్దు, వాంతి వచ్చేలా ఉంటే ముందు మాస్క్ తీసేయాలి, ఆ పట్టీ లాగి తీయడం అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ రావాలి. మొదటి రెండు రాత్రులు ఎవరో ఒకరు పక్కనే పడుకోండి.

మార్టూరు_మాస్టారు
చిన్నోడూ, నాన్నకి మాస్క్ అంటే భయంగా ఉంటే పగలే టీవీ చూసేటప్పుడు ఒక అరగంట పెట్టించు. నాకట్లాగే అలవాటైంది. ముందు పట్టీలు కట్టకుండా మాస్క్ ఆయన చేతికే ఇచ్చి ముఖానికి ఆనించుకోమను.

తెనాలి_చిన్నోడు
సాయంత్రం న్యూస్ టైమ్‌కి పెట్టి చూస్తా మాస్టారూ.